తీర్పు ఇతరులు చెప్పవలసిన వేళ

గుండెపోటు వచ్చినవారు వైద్యశాలకు ఆలస్యముగా చేరుచున్నారన్న మాట తఱచుగా వినబడుచునే యున్నది గాని, ఆ ఆలస్యము ఎచ్చట జరుగుచున్నదో నిదానించి చూచినవారు తక్కువ. గుంతలు పడిన బాటను నిందింతుము. వేళకు రాని వాహనమును నిందింతుము. ఆసుపత్రి వాకిట చీటీ వ్రాయువానిని, నిద్రమత్తు వీడని డాక్టరును నిందింతుము. వీనిలో సత్యము లేకపోలేదు. కాని 2008లో 'లాన్సెట్' వైద్యపత్రికయందు ప్రకటితమైన 'క్రియేట్' అను పరిశీలనము, మన దేశమున 50 నగరములలోని 89 వైద్యశాలలలో చేరిన 20,468 మంది హృద్రోగుల వృత్తాంతమును సేకరించి, తీవ్రమైన గుండెపోటు వచ్చినవారికి నొప్పి పుట్టినది మొదలు ఆసుపత్రి గడప దాటువరకు పట్టిన కాలము మధ్యస్థముగా 360 నిమిషములనియు, గడప దాటిన పిదప నెత్తుటిగడ్డను కరగించు మందు పడుటకు పట్టినది 50 నిమిషములనియు తేల్చినది. గడపకు వెలుపల ఆరు గంటలు; లోపల గంటకు తక్కువ. కర్నూలు, కడప సీమలలో ఎంత మారుమూల పల్లెనుండి బయలుదేరినను ఆరు గంటల దారి లేదు. కావున ఆ కాలములో పెద్దపాలు ఇంటిలోనే, మంచముమీదనే, వసారాలోనే వ్యయమగుచున్నదని ఒప్పుకొనక తప్పదు. ఈ అధ్యాయము ఆ వసారాను గురించినది.

అచ్చట నడచు సంభాషణము మనకెల్లరకు పరిచితమే. వేకువ మూడు గంటల వేళ ఇంటి పెద్ద లేచి కూర్చుండును. ఎద నడుమ బండ పెట్టినట్లుండును. ఎడమ భుజము లాగును. ఒడలెల్ల చెమట పట్టును. భార్య లేచి దీపము వేయును. "ఏమైంది?" అనును. "ఏం ల్యా, గ్యాసు పట్టినట్లుండాది. రోంత సోడా ఇయ్యి, అదే పోతాది" అని ఆయన ప్రత్యుత్తరము. కొడుకు వచ్చి "నాయనా, కర్నూలుకు పోదామా?" అని అడుగును. "ఈ నడిరాత్రి యాడికి పోతావ్ లే, తెల్లారినాక చూసుకుందాం" అని ఆయన చేయి విసరును. వాము నమలుట, జీలకర్ర నీరు త్రావుట, వీపున అమృతాంజనము రుద్దుట, వేడినీటి సంచి అద్దుట అన్నియు జరుగును. అందఱును మేలుకొనియే యుందురు; అందఱును ప్రేమతోనే యుందురు; అందఱికిని లోలోపల భయము కలిగియే యుండును. ఐనను ఆ నొప్పి యేమిటో నిర్ణయించు అధికారము మాత్రము నొప్పిపడుచున్న ఒక్కనిచేతనే యుండును. తక్కినవారు ఆయన నోటినుండి వచ్చు మాటకై వేచియుందురు. ఈ ఏర్పాటే ప్రాణాంతకమైనదని నా నమ్మకము. దీనిని సహేతుకముగా చూపుటకై, మొదట ఆ గంటలలో దేహములోపల ఏమి జరుగుచున్నదో కొంచెము చెప్పవలెను.

గుండె దేహమునకెల్ల నెత్తురు పంపునదియైనను, తన కండకు వలసిన నెత్తురును తనపైనున్న సన్నని ధమనులద్వారానే పొందవలెను. ఆ ధమని లోగోడకు ఏండ్ల తరబడి పేరుకొనియున్న కొవ్వు పొర ఒకనాడు చిట్లును; చిట్లినచోట నెత్తురు గడ్డకట్టును; గడ్డ దారిని మూసివేయును. సుంకేసులనుండి కడపవరకు పారు కె.సి. కాలువక్రింద సేద్యము చేయు రైతునకు ఈ సంగతిని విశదీకరింప నక్కఱలేదు: పిల్లకాలువ పూడిపోయినచో ఆయకట్టులోని మళ్లన్నియు ఒక్కనాడే ఎండవు; చివరి మడి మొదట వాడును, పిదప దానికి పైమడి, ఆ పిదప మఱియొకటి; నీరు మరల వచ్చినప్పుడు వాడినది తేఱుకొనును గాని ఎండినది తేఱుకొనదు. హృదయపు కండయు అట్లే లోపొరనుండి వెలిపొరకు క్రమముగా చచ్చునని 1977లో రైమర్, జెన్నింగ్స్ అను శాస్త్రజ్ఞులు కుక్కలపై జరిపిన ప్రయోగములతో నిరూపించిరి. నలువది నిమిషములకే ఆరంభమగు ఆ నాశము ఆరు గంటలకు దాదాపుగా పూర్తియగును. 1986లో ఇటలీ దేశమున 11,000కు పైబడిన రోగులపై జరిగిన 'గిస్సి' పరీక్షలో స్ట్రెప్టోకైనేజ్ అను గడ్డ కరగించు మందు నొప్పి పుట్టిన గంటలోపల పడినవారియందు మరణములు దాదాపు సగమునకు తగ్గగా, ఆరు గంటలు దాటినవారియందు చెప్పుకొనదగిన మేలు కానరాలేదు. మందు ఒక్కటే, వైద్యులు ఒక్కరే, భేదమంతయు గడియారములో నున్నది. రాత్రివేళ కరెంటు వచ్చినదని తెలిసిన తక్షణమే టార్చిలైటు చేతబట్టుకొని మోటారువద్దకు పరుగెత్తు రైతు, తన గుండెకు నీరు ఆగిన రాత్రి మాత్రము తెల్లవారనిమ్మనును.

ఏల? మొదటి కారణము, నొప్పి తన నిజస్వరూపముతో రాకపోవుట. సినిమాలలో గుండెపోటు వచ్చినవాడు రొమ్ము పట్టుకొని కుప్పకూలును. వాస్తవమున అది పలుమారులు బరువుగా, బిగువుగా, మంటగా, కడుపుపై భాగమున ఉబ్బరముగా, ఓకరింతగా వచ్చును. వచ్చి కొంత తగ్గును, మరల వచ్చును. గుండెయొక్క క్రిందిభాగమునకు దెబ్బ తగిలినప్పుడు ఆ బాధ పొట్టలోనిదే యని తోచుట సహజము. ఇది మన సీమవారి అమాయకత్వమని ఎవ్వరును భావింపకుందురుగాక. అమెరికా దేశమున షికాగో నగర వైద్యుడు జేమ్స్ హెరిక్, హృదయధమని మూసికొనిపోయిన మనుష్యుడు తక్షణమే మరణింపక జీవించియుండవచ్చునని 1912లో లోకమునకు తెలిపిన ప్రసిద్ధవ్యాసములో వర్ణించిన 55 ఏండ్ల రోగి, భోజనమైన గంటకు నొప్పి రాగా, తిన్నది పడలేదనుకొని గొంతులో వ్రేలు పెట్టుకొని వాంతి చేసికొన్నవాడే; రెండు దినములకు పైగా జీవించి మరణించెను. 1955 సెప్టెంబరులో డెన్వరు నగరమున విశ్రాంతి తీసికొనుచున్న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, మధ్యాహ్నము గోల్ఫ్ ఆటనడుమ పచ్చి ఉల్లిపాయ ముక్కలు పెట్టిన హాంబర్గరు తిని, కడుపులో బాధ కలుగగా దానిని ఉల్లిపాయలపై మోపెను. ఆ రాత్రి రెండు గంటల ప్రాంతమున నొప్పితో మేల్కొనగా ఆయన భార్య అజీర్ణమునకిచ్చు మందునే మొదట త్రాగించెను. వ్యక్తిగత వైద్యుడు పిలువగనే వచ్చెను, ఐనను మఱునాటి ఉదయము పత్రికలవారికి తెలుపబడినది జీర్ణకోశపు బాధ యనియే, ఇ.సి.జి. తీసినది మధ్యాహ్నము దాటిన పిదపనే. ప్రపంచములో మిక్కిలి జాగ్రత్తగా కాపాడబడు దేహమునకే ఇట్లు జరిగినప్పుడు, కర్నూలు మార్కెట్టుయార్డుకు ఉల్లిగడ్డలు తోలుకొని వచ్చి, రాత్రి అచ్చటనే బస్తాలప్రక్క పండుకొని, ఎదలో మంట పుట్టగా సాయంత్రము తిన్న మిరపకాయ బజ్జీని అనుమానించు రైతును తప్పుపట్టుటకు మనకేమి హక్కు కలదు?

రెండవ కారణము ఈ నేలకే చెందినది. గుండెపోటునకు గుర్తులలో బాధతోపాటు ముఖ్యముగా గమనింపవలసినది చల్లని చెమట. గదిలోని తక్కినవారికి లేని చెమట ఒక్కనికే ధారగా కాఱుచున్నచో అది అజీర్ణము కాదని తలంపవలెను. కాని ఏప్రిలు, మే మాసములలో ఎండ నలువది డిగ్రీలు దాటి, రాత్రియు రాతిబండలు సెగలు చిమ్ము కర్నూలులో, కడపలో, చెమట పట్టనివాడెవడు? తల తిరిగెనన్న వడదెబ్బ యందురు. నీరసమన్న ఎండ యందురు. మజ్జిగ త్రాగించి నీడను పరుండబెట్టుదురు. అంతేకాదు. వాన రాని ఏడులు వరుసగా చూచినవారు, చెనిగకాయ విత్తిన చేను కండ్లయెదుట మాడుటను సహించినవారు, ఆదోని, కోసిగి ప్రాంతములనుండి పిల్లలతో కూడ గుంటూరు సీమకు మిరపకోతకై సుగ్గికి పోయి గుడిసెలలో నెలలు గడపినవారు, ఓర్చుకొనుటను ఒక శీలముగా అలవరచుకొన్నారు. ఆ ఓర్పు వారిని బ్రతికించినది. దానిని నేను మనఃపూర్వకముగా గౌరవింతును. కాని కరవు ఓర్చుకొన్నవారిని వదలిపోవును. మూతపడిన ధమని ఓర్చుకొన్నవారినే ముందుగా తీసికొనిపోవును. తలనొప్పికిని కాలిబెణుకునకును పనికివచ్చిన నిబ్బరము ఇచ్చట శత్రువగును. పైగా "నాకు యాభై దాటలే, నాకేం గుండెజబ్బు" అను ధీమా మఱియొకటి. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏండ్లకే, అనగా తక్కిన దేశములవారికంటె సుమారు ఆరేండ్లు ముందుగా, వచ్చుచున్నదని 'ఇంటర్‌హార్ట్' పరిశీలనము ఏనాడో చూపినది. సగటు 53 అనగా నలువదులలో వచ్చినవారును పెక్కురు గలరని అర్థము.

డబ్బు మాట సిగ్గుచేత ఎవ్వరును పైకి అనరు గాని, వసారాలో అది అందఱి మనస్సులలో తిరుగుచునే యుండును. ఆసుపత్రికి పోయినచో ఆంజియోగ్రాము అందురు, స్టెంటు అందురు, ఎకరము అమ్మవలసివచ్చునను భీతి ఒకప్పుడు నిర్హేతుకము కాదు. నేడు సంగతి కొంత మాఱినది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము, పేరులు మాఱుచున్నను, పేదకుటుంబములకు గుండె చికిత్సల వ్యయమును భరించుచున్నది; స్టెంటుల ధరలకు 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము గరిష్ఠపరిమితి విధించినది; కర్నూలు సర్వజన వైద్యశాలలోను, కడప రిమ్స్‌లోను చికిత్సకు వెల లేదు. ఐనను పాత భయము క్రొత్త వాస్తవముకంటె ఎక్కువకాలము జీవించును. ఇంటిలోని కార్డు ఎచ్చటనున్నదో, అది చెల్లుచున్నదో లేదో, జబ్బు లేని దినముననే చూచుకొన్నచో నడిరాత్రి ఈ లెక్కకు అవకాశముండదు.

పల్లెలో రాత్రివేళ తలుపు తట్టిన పలుకు వైద్యుడు ఆర్.ఎం.పి. ఒక్కడే. అతనిని ఎగతాళి చేయుట నాకు సమ్మతము కాదు. జ్వరముతో బిడ్డ మూల్గు రాత్రి అతడే దిక్కైన ఇండ్లు వేలకొలది. కాని అతనివద్ద ఇ.సి.జి. యంత్రముండదు, ఉండునది గ్యాసు ఇంజెక్షను, సెలైను సీసా. సూది పడిన పిదప నొప్పి కొంత తగ్గవచ్చును, ఏలయన గుండెనొప్పి తనంతట తాను హెచ్చి తగ్గునది. ఆ తగ్గుదల సూదివలననే యని ఇల్లంతయు నిట్టూర్చి నిద్రపోవును. సెలైను కాఱుచున్నంతసేపు ఏదో చికిత్స జరుగుచున్నదను భ్రాంతిలో రెండు గంటలు గడచును. ఈ పుస్తకము ఏ గ్రామవైద్యునిచేతనైన పడినచో ఆయనకు నా విన్నపమిది: నడుము పైభాగమున ఎచ్చటనైనను వచ్చిన నొప్పికి, చెమటతోడి ఆయాసమునకు, ముందు ఇ.సి.జి.కి పంపుడు; సూది పిమ్మట. మీరు "ఇది నాచేత గాదు, వెంటనే పొండి" అన్న ఒక్క మాట ఆ ఇంటిలో మఱి యెవ్వరి మాటకును లేని బలముతో పనిచేయును.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. వారికి రొమ్ములో నొప్పియే వచ్చునన్న నియమము లేదు. వెన్నుపై భాగమున పోటు, దవడ లాగుట, పొయ్యివద్ద నిలువలేని ఆయాసము, ఏనాడును లేని నిస్సత్తువ మాత్రమే రావచ్చును. మగవాడు "గ్యాసు" అని యైనను పైకి చెప్పును. ఆమె అదియు చెప్పదు. సంగటి కెలికి, అందఱకును వడ్డించి, పాలు పితికి, పని ముగిసిన పిదప గోడకు చేరగిలబడును. అప్పుడైనను ఎవ్వరును అడుగరు. చక్కెరజబ్బు చిరకాలముగా నున్నవారికిని, వృద్ధులకును నొప్పి తెలియుటయే తక్కువ. వారికి హఠాత్తుగా వచ్చిన ఆయాసమునే నొప్పిగా ఎంచవలెను. ఇంటిలో ఎన్నడును పనిమాని కూర్చుండని స్త్రీ పనిమాని కూర్చుండుట ఒక రోగలక్షణమని మగవారు గుర్తుంచుకొందురుగాక.

ఇన్ని కారణములు చెప్పిన పిదప, జనులకు ఈ గుర్తులన్నియు బోధించినచో చాలునని తోచవచ్చును. నేనును బోధనకు విరోధిని గాను. కాని బోధన ఒక్కటే చాలదని నిర్ధారితమైనది. అమెరికాలో 20 నగరములను ఎంచి, వానిలో సగమింటియందు పదునెనిమిది మాసములపాటు పత్రికలద్వారా, సభలద్వారా గుండెపోటు గుర్తులను ప్రచారము చేసి, రెండు వర్గముల ఫలితములను పోల్చిన 'రియాక్ట్' అను గొప్ప ప్రయోగము 2000లో వెలువడినది. ఆంబులెన్సును పిలుచువారు పెరిగిరి. కాని నొప్పి పుట్టినప్పటినుండి ఆసుపత్రి చేరువరకు పట్టు కాలములో ప్రచారము జరిగిన ఊళ్లకును జరుగని ఊళ్లకును భేదము కానరాలేదు. ఒకసారి గుండెపోటు వచ్చి బ్రదికినవారు సైతము రెండవసారి మొదటికంటె త్వరగా రారని పెక్కు పరిశీలనలు చెప్పుచున్నవి. వారికి తెలియనిదేమున్నది? 1960 దశకము చివర హ్యాకెట్, కాసెమ్ అను మానసిక వైద్యులు హృద్రోగులను ప్రశ్నించి చూచి, ఆలస్యమునకు ముఖ్యమూలము అజ్ఞానము కాదనియు, తనకిది రాలేదని మనస్సు చేయు నిరాకరణమే యనియు గ్రహించిరి. ప్రక్కవానికి వచ్చినచో మనము క్షణములో గుర్తించెడి గుర్తులనే మనకు వచ్చినప్పుడు గుర్తింపము, ఏలయన గుర్తించుటయనగా మృత్యువు మన వాకిట నిలిచెనని ఒప్పుకొనుట.

ఇంకొక విషయము నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. రోగి బంధువులనడుమ నున్నప్పటికంటె, స్నేహితులనడుమనో, తోడి పనివారినడుమనో, అపరిచితులనడుమనో ఉన్నప్పుడు త్వరగా ఆసుపత్రి చేరునట. వింతగా తోచును గాని మన సంగతి తెలిసినవారికి వింత గాదు. ఆదోని పత్తి మార్కెట్టులో ఒకడు కూలబడినచో హమాలీలు అతని అభిప్రాయము నడుగరు. ఎత్తి ఆటోలో వేయుదురు. అదే మనుష్యుడు తన ఇంటిలో కూలబడినచో అతడు యజమాని; అతని మాట దాటు సాహసము భార్యకు లేదు; కోడలికి అంతకన్న లేదు; కొడుకు బెంగళూరులో నున్నాడు, అతనికి ఫోను చేసినచో "నాయనకు ఇయ్యి" అని తండ్రినే అడుగును, తండ్రి "ఏం ల్యా" అనును. గౌరవము, ప్రేమ, విధేయత, మన సంసారములను నిలబెట్టిన గుణములే, ఆ గంటలో నోరు కట్టివేయును. కావున ఆ గంటలో రోగిచేతనుండి అధికారమును తొలగించుట ఒక్కటే నాకు తోచిన ఉపాయము. అది నొప్పి వచ్చినపిదప సాధ్యము కాదు గనుక, నొప్పి లేని దినముననే, ఆ పెద్దమనిషి నోటనే, ఒప్పందము చేసికొనవలెను.

ఇది యెట్లు చేయవలెనో చెప్పెదను. ఇంటిలో నలువదేండ్లు దాటినవారుగాని, బి.పి., చక్కెరజబ్బు, బీడీ సిగరెట్ల అలవాటు గలవారుగాని ఉన్నచో, ఒకనాటి రాత్రి భోజనమైన పిదప అందఱును కూర్చుండునప్పుడు ఆ పెద్దయే ఈ మాట అనవలెను: "నాకు ఎదలో గాని, దవడలో గాని, భుజంలో గాని, కడుపు పైభాగంలో గాని నొప్పి వచ్చి పదిహేను నిమిషాలు తగ్గకపోతే, నేనేం చెప్పినా వినొద్దండి. నేను గ్యాసు అన్నా వినొద్దండి. తిట్టినా వినొద్దండి. తీసకపోండి." ఎవరి మాట చివరిమాట యగునో అప్పుడే పేరు పెట్టి నిర్ణయింపవలెను. ఆ మనిషి భార్యయైన మంచిదే. కాని ఆమెకు ఎదురు చెప్పలేని సంకోచమున్నచో పొరుగింటి నడివయస్కుని, బడి పంతులును, ధైర్యము గల మేనకోడలిని ఎంచుకొనవచ్చును. బంధుత్వముకంటె దగ్గఱలో నుండుట, మొగమాటము లేకుండుట ముఖ్యము. ఈ మాటను ఒక కాగితముపై వ్రాసి, క్రింద 108 అనియు, ఆ మనిషి ఫోను నంబరు, ఇ.సి.జి. దొరకు దగ్గఱి ఆసుపత్రి పేరు, రోగి వాడు మందుల పేర్లు వ్రాసి, దేవుని పటము ప్రక్కనో బియ్యపు డబ్బా పైనో అంటింపవలెను. అశుభమని కొందఱు సంకోచింతురు. కూతురి పెండ్లికి పదేండ్లు ముందుగా బంగారము కొనిపెట్టు దూరదృష్టి గల తల్లులకు ఇందులో అశుభమేమియు కనబడదని నా విశ్వాసము.

ఎచ్చటికి పోవలెనో ముందుగా తెలిసియుండుట ఒప్పందములో సగము. కర్నూలు వైద్యకళాశాల 1956లో స్థాపితమైనది. దాని ననుబంధించిన సర్వజన వైద్యశాల సీమకెల్ల పెద్దదిక్కు. కాని ఆదోనినుండి కర్నూలు సుమారు నూఱు కిలోమీటర్లు. పులివెందులనుండి కడప సుమారు డెబ్బది. ఆత్మకూరు అడవి అంచుల చెంచుగూడెములకును దూరము తక్కువ కాదు. 2017 మార్చి 12న నంద్యాల శాసనసభ్యులు భూమా నాగిరెడ్డిగారికి ఆళ్లగడ్డలోని స్వగృహమున ఉదయము గుండెపోటు రాగా, మొదట ఆ ఊరి ఆసుపత్రికిని, అచ్చటనుండి నంద్యాలకును తరలించిరి. 53 ఏండ్లకే వారు మృతిచెందిరి. వాహనములకు, అనుచరులకు, పలుకుబడికి లోటు లేని ఇంటిలోనే ఇట్టి విషాదము జరిగినదన్నచో, సీమలోని దూరములు ఎవ్వరికొఱకును తగ్గవని తెలియుచున్నది. తగ్గింపగలిగినది వసారాలోని కాలమొక్కటే.

ఐతే కర్నూలు చేరినగాని చికిత్స ఆరంభము కాదన్న రోజులు గతించుచున్నవి. 2023లో భారత వైద్య పరిశోధనా మండలి సహకారముతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభించిన కార్యక్రమమున కర్నూలు సర్వజన వైద్యశాల ఒక కేంద్రమైనది. దాని పద్ధతి యిది: చుట్టుప్రక్కల ప్రాంతీయ, సామాజిక ఆరోగ్య కేంద్రములలో రోగికి ఇ.సి.జి. తీసి పెద్దాసుపత్రిలోని నిపుణునికి పంపుదురు. ఆయన చూచి గుండెపోటని నిర్ధారించినచో, వెలుపల కొన్నచో వేలకొలది రూపాయలగు, గడ్డను కరగించు టెనెక్టిప్లేజ్ ఇంజెక్షనును అచ్చటనే ఉచితముగా ఇచ్చి, పిమ్మట పెద్దాసుపత్రికి తరలింతురు. కావున మీ మండలమునకు దగ్గఱగా ఏ ప్రభుత్వాసుపత్రిలో రాత్రియు ఇ.సి.జి. తీయుదురో, ఈ ఇంజెక్షను ఉన్నదో లేదో, ఒకనాడు తీరికగా పోయి అడిగి తెలిసికొనుడు. పెద్ద ఊరి పేరుమోసిన ఆసుపత్రికై దగ్గఱి ఆసుపత్రిని దాటిపోవుట సాధారణముగా జరుగు పొరపాటు, మొదటి ఇ.సి.జి. ఎంత దగ్గఱగా జరిగిన అంత మేలు.

2005లో మన రాష్ట్రముననే ఆరంభమైన 108 వాహనమును పిలుచుట మేలైన మార్గము. గుండెపోటు వచ్చిన మొదటి గంటలో మరణించువారిలో పెక్కురు కండ చచ్చుటవలన గాక, గుండె లయ తప్పి అదరుటవలన మరణింతురు. దానిని సరిచేయు విద్యుద్ఘాత యంత్రమును వాడనేర్చినవారు వెంట నుండవలెను గాని మోటారుసైకిలుపై వెనుక కూర్చున్న బావమఱది ఏమి చేయగలడు? రోగి తానే బండి నడుపుట ఎట్టి పరిస్థితిలోను కూడదు. 108 రాక ఆలస్యమగునని తెలిసినచో కారుగాని ఆటోగాని తీసికొని ఎదురుపోవచ్చును. వాహనమువారితో ఫోనులో మాటలాడుచు దారిలో కలిసికొనవచ్చును. మేడమీదనున్న రోగిని నడిపించి దింపరాదు; కుర్చీలో కూర్చుండబెట్టి దింపవలెను.

వాహనము వచ్చులోపల చేయవలసినది స్వల్పము. రోగిని సగము కూర్చున్నట్లు వీపునకు దిండ్లు పెట్టి ఉంచుడు, బట్టలు వదులు చేయుడు, తినుటకేమియు పెట్టకుడు. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండ్లు లేక నెత్తురు కాఱు జబ్బులు గలవారు కానిచో, 300 మిల్లీగ్రాముల ప్రాంతపు ఆస్పిరిన్ మాత్రను నమిలి మ్రింగుట మేలు. 1988లో 17,187 మందిపై జరిగిన 'ఐసిస్-2' పరీక్షలో ఆస్పిరిన్ ఒక్కటియే మరణములను సుమారు నాలుగవ వంతు తగ్గించినది. ఇంటిలో ఎవరికి అది సరిపడునో మీ వైద్యునే ముందుగా అడిగి కాగితముపై వ్రాసియుంచుడు. కాని మాత్ర మ్రింగితిమి గదా యని మరల వేచియుండుట సూదికి వేచియుండుటవంటిదే. నాలుకక్రింద పెట్టు సార్బిట్రేటును వైద్యుడు వ్రాసియిచ్చినవారు తప్ప ఇతరులు ఇరుగుపొరుగు సలహాపై వాడరాదు; బి.పి. హఠాత్తుగా పడిపోవు ప్రమాదము కలదు. గట్టిగా దగ్గినచో గుండెపోటు ఆగునని సెల్‌ఫోనులలో తిరుగు సందేశములను నమ్మి ఒక్క నిమిషమును వృథా చేయకుడు. రోగి తెలివి తప్పి, ఊపిరి ఆగినచో, రొమ్ము నడుమ రెండు అరచేతులుంచి నిమిషమునకు నూఱుసార్లకు తగ్గకుండ గట్టిగా నొక్కుచునే యుండవలెను. ఇంటికొకరైనను ఈ విద్యను నేర్చికొనియుండవలెను.

ఆసుపత్రి చేరిన తక్షణము మొదట చెప్పవలసినది నొప్పి ఎన్ని గంటలకు పుట్టినదన్న సంగతి. "నిన్నటాల నుంచి కొంచెం కొంచెంగా" అని చెప్పినచో వైద్యునకు నిర్ణయము కష్టమగును. నొప్పి పుట్టినప్పుడే గడియారము చూచి అరచేతిపై వ్రాసికొనుడు. మొదటి ఇ.సి.జి. సరిగా నున్నదన్నంత మాత్రమున గండము గడచినదని తలంపరాదు. కొందఱిలో మార్పులు కొంత ఆలస్యముగా కానవచ్చును. నెత్తుటిలో ట్రోపోనిన్ అను పదార్థము పెరుగుటకును కొన్ని గంటలు పట్టును. నొప్పి ఉన్నంతవఱకు మరల ఇ.సి.జి. తీయుమని అడుగుటకు సంకోచింపకుడు. "బాగనే ఉంది గదా, పోదాం పాండి" అని రోగి లేచినచో, ఇంటిలో చేసికొన్న ఒప్పందము ఆసుపత్రి మంచముమీదను చెల్లునని అతనికి గుర్తుచేయుడు.

మఱి చివరకు అది గ్యాసే యని తేలినచో? తేలవచ్చును, పెక్కుమందికి తేలును. ఆ తెల్లవారుజామున ఇంటికి తిరిగివచ్చు దారిలో ఏమి మాటలాడుకొందురో దానిపై తరువాతి సారి ఆధారపడియుండును. "ఊరికే హైరానా పెట్టినారు" అని ఆయన అనవచ్చును. ఆయన పక్షము వహించి ఎవ్వరును నవ్వకూడదు. తీసికొనిపోయిన మనిషితో ఇంటివారందఱి యెదుట "నువ్వు సరిగ్గానే చేస్తివి" అని ఆ ఇంటి పెద్దచేతనే అనిపింపవలెను. బాడుగ ఎంతయైనదన్న లెక్క ఆ దినము తీయరాదు. గోడమీది కాగితములో మార్పవలసినదేమియు లేదు. ఆ రాత్రి తీసిన ఇ.సి.జి.ని మాత్రము మడతపడకుండ ఒక కవరులో ఉంచి దానితోపాటు భద్రపఱుపుడు, ఏలయన ఇంకొకమాఱు పోవలసివచ్చినప్పుడు క్రొత్తదానితో పోల్చి చూచుటకు వైద్యుడు అడుగునది ఆ పాత కాగితమునే.